అమ్మవారి గంప

బరంపురంలో రైలెక్కినప్పుడు నా సంచిలో రెండు జతల బట్టలు, సర్టిఫికెట్ల ఫైలు, మూఢనమ్మకాల మీద నేను ఇన్నేళ్ళలో అచ్చువేయించుకున్న వ్యాసాల కట్ట ఉన్నాయి. ఫైలు చూపించి ఉద్యోగం అడగాలి, కట్ట చూపించి గౌరవం అడగాలి. అదీ నా ఆలోచన. ఆ అయిదు రోజుల్లో కట్ట ఒక్కసారే బయటికి తీశాను. మళ్ళీ తియ్యలేదు. ఎందుకు తియ్యలేదో చెప్పడానికే ఈ నాలుగు పేజీలు. కృష్ణా డెల్టా కింది కొస చూడనివాళ్ళకి ఆ ఊళ్ళ సంగతి కూడా కాస్త తెలుస్తుంది.

తొంభైల చివరి రోజులవి. ఒరిస్సా ప్రభుత్వం దగ్గర డబ్బు లేదన్నారు. మా బడిలో తెలుగు మీడియం సెక్షనుకి గ్రాంటు ఆపేశారు. పద్నాలుగేళ్ళు సైన్సు చెప్పిన నన్ను ఒక దండ వేసి ఇంటికి పంపారు. ఒరియాలో పాఠం చెప్పే సత్తా నాకు లేదు, నా ఒరియా సంతలో బేరానికి సరిపోతుంది, అంతే. "తెలుగు రాష్ట్రానికి వెళ్ళవయ్యా, అక్కడ నీకేం తక్కువ?" అన్నాడు మా హెడ్మాస్టరు. అక్కడా డబ్బు లేదన్న కబురు ఆయనకీ చేరలేదు, నాకూ చేరలేదు.

బందరు

బస్సు బోర్డు మీద మచిలీపట్నం అని రాసి ఉంటుంది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కండక్టరూ మాత్రం బందరనే అంటారు. సోమవారం పొద్దున దిగాను. ఊరు చల్లగా, ఉప్పుగా ఉంది. మా వైపు పెద్దవాళ్ళని గౌరవించాలంటే మాట చివర "ఆజ్ఞా" అంటాం. ఇక్కడ "అండీ" అంటారు. అది ఎంత విరివిగా వాడతారంటే, రిక్షా అతను నన్ను తిట్టినప్పుడు కూడా "కళ్ళు కనపడవా అండీ" అనే తిట్టాడు.

విద్యాశాఖ ఆఫీసులో ఒక గుమాస్తా నా ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా చదివాడు. ఆ శ్రద్ధ చూసి నాకు ఆశ పుట్టింది.

"ఒరిస్సా బీఎడ్డా అండీ? ఇక్కడ చెల్లుతుందని కాగితం తెచ్చుకోవాలి. తెచ్చుకున్నా మీరు నాన్‌లోకల్. లోకలే అయినా ఎయిడెడ్ పోస్టులు నింపొద్దన్నారండీ. మాస్టారు రిటైరైతే ఆయన కుర్చీ కూడా రిటైరే."

"మరి ఇదంతా చదవడం దేనికండీ?"

"అంత దూరం నుంచి మోసుకొచ్చారు కదండీ. చదవకపోతే బాగోదని."

ఆయనే టీ ఇప్పించాడు, రెండు రూపాయలు నన్ను ఇవ్వనివ్వలేదు. గుడివాడలో ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూళ్ళున్నాయి, అక్కడ ప్రయత్నించమని చెప్పాడు.

రైలుకి టైముంటే లడ్డూ కొట్టుకి వెళ్ళాను. బందరు లడ్డూని తొక్కుడు లడ్డూ అంటారు. శనగపిండి పూసని బెల్లంపాకంతో కలిపి రోట్లో వేసి దంచుతారు. నోట్లో పెడితే పళ్ళకి పని ఉండదు. కొట్టు గుమ్మానికి నిమ్మకాయ, ఎండుమిరపకాయలు వేలాడుతున్నాయి. చూసి ఊరుకోవడం నాకు చేతకాదు. దిష్టి అనేది ఎలా అబద్ధమో పది నిమిషాలు చెప్పాను. కొట్టాయన దంచడం ఆపకుండానే విన్నాడు.

"నిమ్మకాయ తీసేస్తే లడ్డూ తీపెక్కుద్దా అండీ?"

"తీపెక్కదు."

"పోనీ తగ్గుద్దా?"

"తగ్గదు."

"ఇంకేం మరి, ఉండనివ్వండి పాపం" అని అరచేతిలో ఒక లడ్డూ పెట్టాడు. వాదం నేనే గెలిచాననుకుంటూ తిన్నాను.

గుడివాడ

గుడివాడలో ఉద్యోగం ఇవ్వాలంటే ముందు డెమో ఇమ్మంటారు. అంటే వాళ్ళ క్లాసులో వాళ్ళ పిల్లలకి మనం ఒక పాఠం చెప్పాలి. యజమాని వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుని వింటాడు. మంగళవారం పొద్దున నేను గ్రహణం చెప్పాను. బంతి, నిమ్మకాయ, టార్చిలైటు. గ్రహణం పట్టినప్పుడు అన్నం తిన్నా ఏమీ కాదని, నేను తిన్నానని, పైగా అది దోసకాయ పప్పని చెబితే పిల్లలు విరగబడి నవ్వారు. యజమాని కూడా నవ్వాడు. ఆయన్ని అక్కడ కరస్పాండెంటు గారంటారు.

మెస్సులో నా పక్కనే కూర్చుని భోంచేశాడు. ముద్దపప్పు, గోంగూర, నెయ్యి, కోస్తే ముక్కలయ్యే పెరుగు. మా ఇంట్లో వేసవి మధ్యాహ్నం పఖాళతో సరిపెట్టుకుంటాం, నీళ్ళన్నం. గుడివాడలో అదే ఎండకి నెయ్యి పోసుకుంటారు.

"పాఠం బ్రహ్మాండమండీ. రెండే షరతులు. పరీక్షలవగానే మాస్టార్లందరూ ఊళ్ళమీదకెళ్ళి ఇంటింటికీ తిరిగి పిల్లల్ని చేర్పించాలి. రెండోది, శుక్రవారం ప్రేయర్లో సరస్వతీ పూజ. మాస్టార్లు ముందు వరసలో నిలబడాలి. తల్లిదండ్రులు వస్తారు కదండీ, చూస్తారు."

మొదటి షరతుకి తలూపాను. రెండోదానికి చెయ్యి కడుక్కుని మరీ లేచాను. సంచిలోంచి వ్యాసాల కట్ట తీసి బల్లమీద పెట్టాను. ఎన్ని సభల్లో ఎంతమంది శాస్త్రులతో వాదించానో, ఎవరెవరు నోరు మూసుకుని వెళ్ళారో చెప్పాను. వంటవాళ్ళు గరిటెలు పట్టుకుని నిలబడి విన్నారు.

ఆయన కట్టని తాకకుండా నెమ్మదిగా అన్నాడు: "నమ్మమనడం లేదండీ. పది నిమిషాలు నిలబడటానికి నమ్మకం దేనికి? శుక్రవారం పొద్దుటికి ఏ సంగతీ చెప్పండి."

ఛాతీ విరుచుకుని బయటికొచ్చాను. గేటు దగ్గర అక్కడి హిందీ మాస్టారు నా వెనకే వచ్చి, "దీవిసీమ బళ్ళలో సర్కారు పోస్టులన్నీ ఖాళీ అండీ. ఎవర్నీ వెయ్యడం లేదు. కొన్ని ఊళ్ళు వాళ్ళే డబ్బులేసుకుని మాస్టార్లని పెట్టుకుంటన్నాయి. వెళ్ళి చూడండి" అన్నాడు. పూజలు లేని ఉద్యోగం, అదీ జనం తమంతట తాము పెట్టుకున్న బడిలో! మధ్యాహ్నం బస్సుకే బయల్దేరాను.

పులిగడ్డ దాటాక

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దీవిసీమ. రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేల. అరటి, పసుపు, వరి, కిందికి పోయేకొద్దీ రొయ్యల చెరువులు. ఇక్కడి వాళ్ళు వయసులు డెబ్బయ్యేడు నాటి ఉప్పెనతో కొలుస్తారు. బస్సులో నా పక్కనున్న ముసలమ్మ తన కొడుకుని చూపించి, "ఈడు ఉప్పెనప్పుడు నా చంకలో ఉన్నాడు బాబూ" అంది.

అవనిగడ్డలో పడుకుని, అలాంటి బడి ఉన్న ఊరు అక్కడే కనుక్కుని, బుధవారం పొద్దున్నే నాగాయలంక అవతల పంటు ఎక్కాను. పంటు అంటే బల్లకట్టు. మనుషులు, సైకిళ్ళు, గేదెలు, పెళ్ళి సామాను, అన్నీ ఒకే టిక్కెట్టు వరసలో. దిగేటప్పుడు కాలు జారి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది. ఒకావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, బురదలో చెయ్యి పెట్టి, చెప్పు తీసి నీళ్ళలో కడిగి ఇచ్చింది.

"కొత్తవాళ్ళ దగ్గర రేవు ఒక చెప్పు తీసుకుంటదండీ. మీది తిరిగొచ్చింది, అదృష్టవంతులు."

ఆవిడ పేరు కరుణ. నేను వెతుక్కుంటూ వచ్చిన బడికి ఆవిడే టీచరు. ఆవిడ ఇల్లు అవనిగడ్డ పక్క పల్లెలో, చర్చి వెనక వీధి. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి డీఎస్సీ ఎప్పుడు వేస్తారా అని చూస్తోంది. రోజూ రెండు బస్సులు, ఒక పంటు.

"జీతం?"

"ఊరివాళ్ళిస్తారండీ."

ఎలా ఇస్తారని అడగలేదు. ఆ క్షణంలో నేను వేసుకుంటున్న లెక్క వేరు. ఈవిడది ఇంటరు, ట్రైనింగు. నాది డిగ్రీ, బీఎడ్డు. ఊళ్ళో పెద్దమనిషిని కలిస్తే ఏమంటాడో. నా చెప్పు కడిగిన చెయ్యి ఇంకా తడి ఆరలేదు. ఈ లెక్క ఎవరికీ తెలియదు కాబట్టి దాచుకోవచ్చు. దాచుకుంటే ఈ వ్యాసం రాసి లాభం లేదు.

రేవులో

బడి తుఫాను షెల్టరు మేడమీద నడుస్తోంది. కింద స్తంభాలు, పైన పిల్లలు. కరుణ టీచరు పైకెళ్ళింది. అప్పుడే వేట పడవలు ఒడ్డుకి వస్తున్నాయంటే ఊరి పెద్ద అక్కడే దొరుకుతాడని నేను సముద్రం వైపు నడిచాను.

చేపలు ఇసుకమీద కుప్పలు పోసి వాటాలు వేస్తున్నారు. పడవకో వాటా, వలకో వాటా, లాగినవాళ్ళకి తలా ఒకటి. నాంచారమ్మ అనే ఒక పెద్దావిడ ఖాళీ గంప చంకన పెట్టుకుని ప్రతి పడవ దగ్గరా ఆగుతోంది. "అమ్మవారి గంప" అంటుంది. దోసెడు చేపలు పడతాయి. ఇంకో పడవకి పోతుంది. ఊరి పెద్ద వెంకన్న పడవ అంచుమీద కూర్చుని చూస్తున్నాడు.

మంగళవారం నాటి వేడి ఇంకా దిగలేదు నాకు. ఏడుకొండలు అనే పడుచువాడు చేపలు తీసి గంపలో వెయ్యబోతుంటే ఆపాను.

"ఈ అమ్మవారు ఎక్కడుంటుందయ్యా?"

"సముద్రమంతా ఆవిడదే అండీ."

"సముద్రమంతా ఆవిడదైతే నీ దోసెడు చేపలు దేనికి ఆవిడకి?"

వాడు నవ్వాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. నవ్వు వినపడితే నేను ఆగను. గట్టుమీద నిలబడి మాట్లాడాను. రాత్రంతా చలిలో వల లాగింది మీరు. చేతులు కోసుకుపోయింది మీవి. వల లాగని చేతికి వాటా దేనికి? మీకు కావలసింది ఏదైనా ఉంటే హక్కుగా సర్కారుని అడిగి తీసుకోండి, ముడుపులు కట్టకండి. నిజం చెబుతున్నాను, ఏ సభలోనూ అంత బాగా మాట్లాడలేదు. ఏడుకొండలు చేతిలో చేపలు తన కుప్పమీదే వేసేశాడు. వెనక పడవలవాళ్ళు కూడా చేతులు కట్టుకున్నారు. "బాగా చెప్పారు మాస్టారూ!" అని ఎవడో ఈల వేశాడు.

వెంకన్న ఒక్క మాట అనలేదు. అంత పెద్ద మనిషి ఎదురు చెప్పలేక ఊరుకున్నాడని నాకు లోలోపల సంబరం.

షెల్టరు మేడమీద

మధ్యాహ్నం బడికి వెళ్ళాను. కరుణ టీచరు తన టిఫిను డబ్బా మూతలో నాకు సగం అన్నం పెట్టింది. చింతచిగురు, ఎండురొయ్యలు. నాలుగు ముద్దలు తిన్నానో లేదో నాంచారమ్మ మెట్లెక్కి వచ్చి ఖాళీ గంప గుమ్మంలో బోర్లించింది.

"ఇయ్యాల గంప లేదు టీచరమ్మా. ఇంక ఉండదంట. ఈ బాబు వద్దన్నాడు."

కరుణ టీచరు నావైపు చూసింది. తర్వాత పిల్లల్ని కిందికి ఆడుకోమని పంపి సంగతంతా చెప్పింది.

సర్కారు మాస్టారు బదిలీ అయ్యాక ఆ ఊరికి ఇంకొకరిని వెయ్యలేదు. ఊరంతా కూర్చుని ఇంటికింత వేసుకుందామన్నారు. రెండు నెలలు వేశారు. పెళ్ళికాని కుర్రాళ్ళు మాకు పిల్లల్లేరన్నారు, ముసలివాళ్ళు మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారన్నారు. ఆగిపోయింది. అప్పుడు వెంకన్న, జాతరకని తీసే అమ్మవారి గంపని రోజూ రేవులోనే వేలంపాట పెట్టి అమ్మించడం మొదలెట్టాడు. ఆ డబ్బుతో టీచరు జీతం. నాలుగేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.

"ఊళ్ళో అందరికీ తెలుసా?"

"తెలుసండీ. పైకి ఎవరూ అనరు. అంటే అది బడి గంపైపోద్ది. బడి గంపకి ఎవరూ వెయ్యరు."

"మీరు క్రైస్తవులు కదా. మరి మీకు..."

"మా అత్తగారికి ఊరి జీతమని చెప్పానండీ. అబద్ధం కాదుగా. గంప మటుకు నేనెప్పుడూ ముట్టుకోలేదు. అటు చూడను కూడా. అది నాకూ దేవుడికీ మధ్యన ఒప్పందం." మూత నావైపు జరిపి, "అన్నం తినండి, చల్లారిపోతంది" అంది.

తినలేకపోయాను. పారెయ్యలేకపోయాను. ఆవిడ సగం అన్నం అది.

వెంకన్న ఇల్లు

వెంకన్న నన్ను ఊళ్ళోనే ఉండమన్నాడు. సాయంత్రం చందువా పులుసు పెట్టాడు, పచ్చిమామిడికాయ వేసి. మా చిలికాసరస్సు చేప ఇంత మెత్తగా ఉండదు. కోపంగా ఉందా అని అడిగాను.

"దూరం నుంచొచ్చినారు. తిన్నాక మాట్టాడుకుందాం."

తిన్నాక నేనే అడిగాను. "రేవులో నాకు ఎందుకు అడ్డు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటారు? ఇది బళ్ళో టీచరమ్మకి అని అందరి ముందూ చెప్తే నేనే ఆ గంపకి చిల్లు పెట్టినట్టు. అందుకే ఊరుకున్నా."

"మీరు అమ్మవారిని నమ్ముతారా?"

"ఆవిడ ఉందో లేదో నాకు తెలవదు బాబూ. అడగలా ఎప్పుడూ. బడి పేరు చెప్తే రెండు నెలలిచ్చారు. ఆవిడ పేరు చెప్తే నాలుగేళ్ళిచ్చారు. నాకు తెలిసింది అదీ."

ఇరవయ్యేళ్ళ వాదాల్లో ప్రయోగం చేసి చూసిన మనిషిని నేను మొదటిసారి అప్పుడే కలిశాను. ప్రయోగం మీద నేను రాసినవి మాత్రం ఏడు వ్యాసాలున్నాయి.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"చెడగొట్టింది మీరు. రేపు గంప మీరు పట్టుకోండి. అమ్మవారి గంప అని ఒక్కమాటనండి. చదువుకున్నోడు కూడా అన్నాడంటే ఆళ్ళు ఏస్తారు."

గంప

గురువారం పొద్దున గంప పట్టుకుని రేవుకెళ్ళాను. అది పాత వెదురుగంప, అడుగున ఉప్పు పేరుకుని ఉంది. మొదటి పడవ ఏడుకొండలు వాళ్ళది. నేను వెంకన్న చెప్పిన మాట అనలేదు. తర్కం మొదలెట్టాను. నిన్న నాకు తెలియక మాట్లాడాను, ఇది మీ పిల్లల చదువు కోసం, చదువు అందరి బాధ్యత.

ఏడుకొండలు నవ్వలేదు. మర్యాదగానే అడిగాడు.

"బడి సర్కారుది కదండీ. హక్కుగా సర్కారునే అడగమన్నారు నిన్న."

"అడగాలి. అడిగేలోపు..."

"టీచరమ్మ వల లాగుద్దా మాస్టారూ?"

నా మాటే అది. నేను దాన్ని ఎంత గట్టిగా కట్టానో నాకే తెలుసు, ఎక్కడా సందు లేదు.

వెంకన్న పడవ అంచుమీంచి, "ఆ ఒక్కమాట అనండి బాబూ" అన్నాడు. అందరూ నావైపు చూస్తున్నారు. నేను అంటే వేసేవాళ్ళే, అది వాళ్ళ మొహాల్లో కనిపిస్తోంది. నోరు తెరిచాను. అబద్ధం ఆడను, ఆడను అనుకున్నాను. గంప పట్టుకుని అలాగే నిలబడ్డాను. అది నిజాయితీ అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నన్నెరిగిన సభల వాళ్ళు చూస్తున్నట్టు అనిపించింది. అక్కడ సభల వాళ్ళు ఎవరూ లేరు. చేపలున్నాయి, కాకులున్నాయి.

ఎంతసేపు నిలబడ్డానో. పంటు వచ్చినట్టుంది, కరుణ టీచరు ఇసుకలో గబగబా నడిచి వచ్చింది. నా మొహం చూసింది, గంప చూసింది. భుజానున్న సంచి నా చేతికిచ్చి గంప తీసుకుంది.

"అమ్మవారి గంపండీ" అంది ఏడుకొండలుతో.

గొంతు సన్నగా, స్పష్టంగా ఉంది, హాజరు పిలిచినట్టు. వాడు ఆవిడ వంక చూడలేక కిందికి వంగి, దోసెడు వేశాడు. ఆవిడ రెండో పడవకి వెళ్ళింది. "అమ్మవారి గంపండీ." మూడో పడవవాళ్ళు వెయ్యలేదు. నాలుగోవాళ్ళు వేశారు. గంప అడుగునుంచి నీళ్ళు కారి ఆవిడ చీరంతా తడిసింది. షెల్టరు మేడ గోడమీద నుంచి పిల్లలు తలలు బయటపెట్టి వాళ్ళ టీచరుని చూస్తున్నారు. నేను ఆవిడ సంచి పట్టుకుని వెనకే నడిచాను. సంచిలో హాజరుపట్టీ, టిఫిను డబ్బా.

నిండలేదు గంప. సగానికి కాస్త పైకి వచ్చింది. నాంచారమ్మకి ఇచ్చేసి ఆవిడ సముద్రంలో చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. క్షమించమని అడిగాను.

"పన్నెండింటికి పంటుందండీ. మళ్ళీ సాయంత్రం దాకా లేదు" అంది, నా చేతిలోంచి సంచి తీసుకుంటూ. "చెప్పులు చేత్తో పట్టుకుని దిగండి ఈసారి."

మళ్ళీ గుడివాడ

శుక్రవారం పొద్దున ఏడున్నరకి కరస్పాండెంటు గారి గదిముందు నిలబడ్డాను. ప్రేయరు బెల్లు కొట్టారు. ముందు వరసలో హిందీ మాస్టారు పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

నెల తిరక్కుండా ఇంటివాళ్ళని తీసుకొచ్చాను. ఇల్లు దొరికింది, జీతం వచ్చింది. పరీక్షలయ్యాక పిల్లల్ని చేర్పించడానికి ఊళ్ళమీదకి వెళ్ళాల్సి వచ్చింది. దీవి వైపు వేరే మాస్టార్లని పంపమని అడిగి పెట్టుకున్నాను.

ఆ మొదటి శుక్రవారం సంగతి ఒకటి మిగిలింది. పూజలో మాస్టార్లు ఊరికే నిలబడితే చాలని చెప్పారు కదా. నిలబడ్డాను, చేతులు జోడించాను. పిల్లలు శ్లోకం ఎత్తుకున్నారు. ఎవరూ నన్ను అనమనలేదు. నేను అన్నాను. చివరి అక్షరం దాకా, ఎక్కడా తడబడకుండా అన్నాను. చిన్నప్పుడు నేర్చుకున్నదే, మరిచిపోలేదు.